గొట్టాల్లో ఘర్షణ నష్టం: లాడ్ బజార్ నల్లా లెక్క

గొట్టంలో పారే నీరు గోడల గరుకునూ తనలో తన రాపిడినీ దాటుకుని పోవడానికి ఖర్చుపెట్టే పీడనమే ఘర్షణ నష్టం. దాన్ని నీటి ఎత్తుగా, మీటర్లలో చెబుతారు; ఇంజినీర్ల వాడుకలో ‘హెడ్’. మొదట ఎంత హెడ్ ఉంది, దారిలో ఎంత పోయింది అన్నది తెలిస్తే సెకనుకు ఎన్ని లీటర్లు వస్తాయో చెప్పవచ్చు. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ నుంచి పడమటికి సాగే లాడ్ బజార్‌లో ఈ లెక్క బాగా అర్థమవుతుంది. కింద లక్క గాజుల దుకాణం, పైన కాపురం, పక్కన మనిషి వెడల్పు గల్లీ, గోడనంటి పాకే సన్నని నల్లా పైపు.

ఈ ఊరికి గొట్టాలు కొత్త కాదు. గోల్కొండ కోట గోడల్లో పొదిగిన మట్టి గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ జలాశయం, జనం మాటలో గండిపేట చెరువు, 1920లో పూర్తయింది. గండిపేట నీళ్లు మోటారు లేకుండా, నేల వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేవి. వాలు మీద నిండకుండా పారే కాలువకు లెక్క వేరు; ఇక్కడ చెప్పేది ఒత్తిడితో నిండుగా పారే గొట్టం సంగతి.

నీటి నడకలో రెండు రకాలున్నాయని 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు వదిలి చూపాడు. వేగాన్ని వ్యాసంతో గుణించి కైనమాటిక్ స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే రేనాల్డ్స్ అంకె 2,000 లోపుంటే రంగు గీత చెదరదు. 4,000 దాటితే సుడులు. నల్లా పైపులో అది ఇరవై వేలు దాటుతుంది కాబట్టి మనకు ఎప్పుడూ సుడుల ప్రవాహమే.

డార్సీ–వైస్‌బాక్ సూత్రం ప్రకారం నష్టం పొడవుతోనూ వేగపు వర్గంతోనూ పెరుగుతుంది, వ్యాసం పెరిగితే తగ్గుతుంది. అందులోని ఘర్షణ గుణకం గరుకుదనం మీదా రేనాల్డ్స్ అంకె మీదా ఆధారపడుతుంది. 1939 నాటి కోల్‌బ్రూక్ సమీకరణంలో ఆ గుణకం రెండు వైపులా ఉండటంతో మళ్లీ మళ్లీ వేసి చూసుకోవాలి. ఆ తిప్పలు తప్పించి, ఒక్క మెట్టులో జవాబిచ్చే సూత్రాన్ని 1976లో స్వామీ, జైన్ అనే ఇద్దరు భారతీయ ఇంజినీర్లు ప్రచురించారు. నీటి సరఫరా వాళ్లు మాత్రం ఎక్కువగా హేజెన్–విలియమ్స్ సూత్రమే వాడతారు. అందులో ‘సి’ అనే ఒకే ఒక్క అంకె గొట్టం నునుపును చెబుతుంది: పీవీసీకి 145 దాకా, వాడిన ఇనుప గొట్టానికి 100.

లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో ఇంటి వాడకానికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. రోజు విడిచి రోజు వదిలితే నెలకు పదిహేను విడతలు, విడతకు సుమారు 1,330 లీటర్లు. సెకనుకు పావు లీటరు చొప్పున గంటన్నర పడుతుంది. కొలవడానికి మీటరు అక్కర్లేదు: పదిహేను లీటర్ల బకెట్ సరిగ్గా నిమిషంలో నిండితే అదే పావు లీటరు. అర అంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులో అప్పుడు వేగం సెకనుకు 1.4 మీటర్లు. గల్లీ మొగలోని లైను నుంచి ఇంటికి 20 మీటర్ల పైపు ఉందనుకుంటే, ‘సి’ 100 చొప్పున నష్టం 6.9 మీటర్లు. డార్సీ లెక్కలో సుమారు 5.5 వస్తుంది. ఈ తేడాకు కంగారు పడనక్కర్లేదు. పైపు లోపలి గరుకు ఎంతో ఎవరూ చూసి చెప్పలేరు.

ఒక అంతస్తు ఇళ్లకు లైనులో కనీసం 7 మీటర్ల హెడ్ ఉండాలని మన దేశ నీటి సరఫరా మాన్యువల్ 1999 కూర్పు చెప్పింది. అంత ఉన్నా 20 మీటర్ల పైపే దాదాపు మొత్తం మింగేసింది. నేలలోని సంపులోకి ఎలాగో పడుతుంది. నాలుగు మీటర్ల ఎత్తున పై ఇంటి నల్లాకైతే మిగిలేది మూడు మీటర్ల హెడ్డే, కాబట్టి ప్రవాహం సెకనుకు 0.16 లీటర్లకు పడిపోతుంది, అదే బకెట్‌కు ఒకటిన్నర నిమిషం. ముప్పావు అంగుళం పైపు వేస్తే పావు లీటరుకు నష్టం 1.7 మీటర్లే. వ్యాసం మూడో వంతు పెరిగితే నష్టం నాలుగో వంతుకు దిగింది, ఎందుకంటే అది వ్యాసపు 4.87వ ఘాతానికి విలోమంగా పోతుంది. మోచేతి బెండ్లు ఒక్కోటి పది సెంటీమీటర్లకు మించి తినవు, జనం మాత్రం వాటినే తిడతారు.

పాత జీఐ పైపు కోసి చూస్తే లోపల గోధుమరంగు తుప్పు బుడిపెలు కనిపిస్తాయి. చుట్టూ రెండేసి మిల్లీమీటర్లు పేరుకుంటే 15 కాస్తా 11 అవుతుంది. అదే హెడ్‌కు నీళ్లు 44 శాతానికి పడిపోతాయి, గరుకును లెక్కలో వేయకుండానే.

పోల్చి చూడటానికి ఊరికి కృష్ణా నీటిని తెచ్చే లైను తీసుకోండి. నల్లగొండ జిల్లా కోదండాపురం నుంచి వచ్చే ఒక్కో లైను వ్యాసం 2,200 మిల్లీమీటర్లు, రోజుకు తొమ్మిది కోట్ల గ్యాలన్లు. వేగం సెకనుకు 1.25 మీటర్లు, అంటే మన నల్లా పైపులో ఉన్నంతే ఇంచుమించు. ఘర్షణ గుణకం 0.012 అనుకుంటే నష్టం కిలోమీటరుకు 43 సెంటీమీటర్లు. నల్లా పైపు అంత హెడ్‌ను మీటరున్నర లోపే ఖర్చు చేస్తుంది.

నడుమ గల్లీ లైను ఉంది. వంద మిల్లీమీటర్ల లైను మీద అరవై ఇళ్లు ఒకేసారి పావు లీటరు చొప్పున లాగాయనుకుందాం. దారి పొడవునా సమంగా లాగితే వంద మీటర్లకు 2.3 మీటర్లు పోతుంది. అందరూ చివరనే ఉంటే 6.5. నీళ్లు వదిలిన గంటలో అందరి నల్లాలూ ఒకేసారి తెరుచుకుంటాయి కనుక చివరి ఇంటికి వచ్చేది ధార కాదు, చుక్కలు.

అప్పుడు ఎవరో ఒకరు నల్లాకు మోటారు పెట్టి లాగుతారు. మోటారు కొత్త నీళ్లను పుట్టించదు, లైనులో పీడనం తగ్గించి పక్కింటి వాటా లాక్కుంటుంది. అది వాతావరణ పీడనం కంటే దిగువకు పడితే, పక్కనే పారే మోరీ నీరు వదులైన జాయింట్ల గుండా లోపలికి వస్తుంది. గల్లీలో మొదట వచ్చిన రెండు బకెట్లను పారబోసే అలవాటు ఉంటే, అది అనవసరమైన చాదస్తం కాదు.