పాత ఛాయాచిత్రములలో మన పత్రికల అంగళ్లు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు కుటుంబముల యిండ్లలో పాత పెట్టెల అడుగున కొన్ని ఛాయాచిత్రములు నేటికిని దాగియున్నవి. పెండ్లివారు బస్సు కొరకు వేచియున్నప్పుడు తీసినవి కొన్ని, సంతనాడు మిత్రులు నలుగురు కలిసి తీయించుకొన్నవి కొన్ని. వానిలో మనుష్యుల వెనుక, ఒక మూలగా, తరచుగా ఒక చిన్న అంగడి కానవచ్చును. బీడీకట్టలు, సోడాబుడ్లు, అరటిగెల. వానికి పైగా అడ్డముగా కట్టిన పురికొస. ఆ పురికొసమీద మడిచి వ్రేలాడదీసిన పత్రికలు. చూచువారందరును మనుష్యులను చూతురు. కచేరీలో గుమాస్తాగా ఏండ్ల తరబడి కాగితములమీది తేదీలు చూచి యలవాటుపడిన మా కన్ను మాత్రము ఆ పురికొసమీదికే పోవును.

సంఘమువారు ఈ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయుమని కోరిరి. రాజవంశముల చరిత్ర వ్రాయుటకు తగిన చదువు మాకు లేదు. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి ఉద్యోగమున చేరినవారము. కావున మాకు చేతనైన చిన్న విషయమునే, అందు మేము చేసిన పొరపాటుతో సహా, చదువరులకు విన్నవించుచున్నాము.

మన యూళ్లలో తెలుగు మాటాడుచుండిరనుటకు సాక్ష్య మక్కరలేదు. చింతామణి చెంత కైవారమున నారాయణ తాతయ్యగారు పాడిన తత్త్వములే అందుకు చాలును. మొన్నమొన్నటి వరకు కోలారు జిల్లాలో నుండి, 2007లో చిక్కబళ్ళాపురము జిల్లాగా నేర్పడిన ఈ సీమలో ఇంటిభాష తెలుగు, బడిభాష కన్నడము అయిన కుటుంబములు వేలకొలది. అయితే చదివినవారెవరు? బడిలో తెలుగు నేర్వని పిల్లలు, బడియే చూడని తల్లులు తెలుగు అక్షరము నెట్లు పట్టుకొనిరి? ఈ ప్రశ్నకు శాసనములు బదులు చెప్పవు. బస్సుస్టాండు అంగడిలోని పురికొస కొంత చెప్పును.

పురికొసను చదువదలచినవారు ముందుగా పత్రికల పుట్టుక తెలియవలెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా నెలకొల్పిన 'ఆంధ్రపత్రిక' 1914లో మద్రాసునకు వచ్చి దినపత్రిక యయ్యెను. 1924లో వారే 'భారతి' మాసపత్రికను ప్రారంభించిరి. 'ఆంధ్రప్రభ' దినపత్రిక 1938లోను, దాని సచిత్ర వారపత్రిక 1952లోను వెలువడినవి. పిల్లలకు 1945లో న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల', 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణిగారల 'చందమామ' వచ్చినవి. సినిమా ప్రియులకు 1966లో 'విజయచిత్ర' వచ్చెను. కన్నడమున 'ప్రజావాణి' 1948లోను, 'కస్తూరి' 1956లోను, 'సుధా' 1965లోను, 'మయూర' 1968లోను పుట్టినవి. బొమ్మల కథల పుస్తకములలో ఇంద్రజాల్ కామిక్స్‌ను 1964 మార్చిలో బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థవారు ప్రారంభించిరి. ముసుగువీరుడు ఫాంటమ్ మన పిల్లలకు పరిచయమైనది వానివలననే. 1967లో అనంతపాయిగారి అమరచిత్రకథలు ఆరంభమైనవి. ఆ మాలలో మొదటి పది సంఖ్యలు పాశ్చాత్య దేశపు కథలే, పదునొకండవది 'కృష్ణ'. తెల్లదొరసాని బొమ్మగల పుస్తకము కంటబడినంతనే అది అమరచిత్రకథ కాదని త్రోసివేయరాదు.

ఈ సంవత్సరములు మనకు పంచాంగము వంటివి. పురికొసమీద 'సుధా' యున్నచో ఆ ఛాయాచిత్రము 1965కు ముందుది కానేరదు. అన్నిటికంటె ఆలస్యముగా పుట్టిన పత్రిక యేదో దానిని బట్టియే కాలము నిర్ణయింపవలెను. ఇది సూత్రము. వెల కానవచ్చినచో మరింత మేలు. అణాలలో నున్నచో 1957 ఏప్రిల్ 1వ తేదీకి ముందటిదై యుండవచ్చును. నయాపైసలని యున్నచో ఆ తేదీకి తరువాతిది. 1964 జూన్ నుండి 'నయా' యను మాట తొలగి పైసలు మాత్రమే మిగిలెను. అంగడి ప్రక్కగోడపై 'మైసూరు రాష్ట్రము' అని యున్నచో, 1973 నవంబరు 1వ తేదీన కర్ణాటకమని పేరు మారకముందు అంటించిన కాగితమని గ్రహింపవలెను. మా యొద్దనున్న చిక్కబళ్ళాపురపు ఛాయాచిత్రములో 'సుధా' శీర్షికయు, గోడపై మైసూరు రాష్ట్రపు ప్రకటనయు కలవు. 1965కును 1973కును నడుమనని చెప్పగలము. పత్రిక ముఖచిత్రము సగమే కానవచ్చుచున్నందున అంతకుమించి చెప్పుట సాహసము.

చింతామణి ఛాయాచిత్రము మమ్ము రెండు నెలలు తిప్పలు పెట్టెను. అక్షరములు తెలుగువలె గుండ్రముగా నున్నవి గాని ఎంత కూడబలుకుకొన్నను చదువ శక్యము కాలేదు. తుదకొకనాడు అందులోని మగవారి చొక్కాజేబులన్నియు కుడి రొమ్మున నున్నవని గమనించితిమి. నెగటివును వెనుకప్రక్క పైకి పెట్టి అచ్చొత్తినందున కుడి యెడమలు తారుమారైనవి! అద్దమునకెదురుగా పట్టి చూడగా 'ఆంధ్రపత్రిక' యను శీర్షిక చక్కగా చదువవచ్చెను. నలుపు తెలుపు చిత్రములలో మరియొక చిక్కు కలదు. కొన్ని ఫిలిములకు ఎరుపు నలుపుగా పడును. కావున నల్లగా కానవచ్చు శీర్షిక నల్లసిరాతో అచ్చయినదని నిశ్చయింపరాదు.

ఇక అన్నిటికంటె పెద్ద చిక్కు 'చందమామ'ది. 1949లో కన్నడ చందమామ కూడ మద్రాసునుండియే వెలువడ నారంభించెను. పేరు రెంటికిని ఒకటే. సాధారణముగా ఒక నెల ముఖచిత్రము రెంటికిని ఒకటే. వడ్డాది పాపయ్యగారును, ఎం.టి.వి. ఆచార్యగారును వ్రాసిన బొమ్మలు తెలుగు వారికిని కన్నడిగులకును సమానముగా చేరినవి. తెలుగు కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. చిన్న ఛాయాచిత్రములో, మసక వెలుగులో, ఆ నాలుగక్షరములు ఏ భాషవో తేల్చుటకు తలకట్టు తప్ప దిక్కులేదు. తెలుగు తలకట్టు లెక్కలు సరిచూచినవాడు పెట్టు గుర్తువలె వాలుగా పైకి లేచును. కన్నడపు తలకట్టు అడ్డగీతవలె సాగి కుడికొనయందు వంగును. 'చ'కారము, 'ద'కారము, చివరి 'మ'కారము — ఈ మూటిని భూతద్దముతో చూడవలెను.

ఈ సంగతి మాకు ముందుగా తెలిసియుండినచో పదిమంది యెదుట నవ్వులపాలు కాకుందుము. కొన్నియేండ్ల క్రిందట ఉగాది సభకు బాగేపల్లి బస్సుస్టాండు ఛాయాచిత్ర మొకదానిని పెద్దది చేయించి గోడకు తగిలించితిమి. పెండ్లివారు, వారి వెనుక అంగడి, పురికొసమీద చందమామ, ప్రక్కన ఆంధ్రప్రభ వారపత్రిక. ఆంధ్రప్రభ వారపత్రిక 1952లో ఆరంభమైనదని చదివియున్నాము. అది చాలుననుకొని, 'బాగేపల్లిలో తెలుగు చందమామ, 1952' అని చక్కని అక్షరములతో క్రింద వ్రాసితిమి. వచ్చినవారందరును చూచి సంతోషించిరి. మా తెలుగుతనమునకు పత్రము దొరకినట్లు మేమును ఉప్పొంగితిమి.

మధ్యాహ్నము భోజనములైన పిమ్మట ఒక అవ్వ ఆ పటము ముందర చాలసేపు నిలిచి మమ్ము పిలిచెను. "ఏమప్పా, ఆ సంకలో బిడ్డనెత్తుకొని నిలబడిండేది ఎవురనుకుంటివి? నేనేనప్పా! నువ్వు రాసిండే సంవత్సరానికి నాకు అయిదేండ్లు. అయిదేండ్లకే నాకు బిడ్డనెట్ల ఇస్తివి?"

చుట్టునున్నవారు నవ్విరి. ఆ బిడ్డ 1967లో పుట్టినదని అవ్వ చెప్పెను. మేము సిగ్గుపడి ఇంటికి వచ్చి, మూలప్రతిని మరల సూక్ష్మముగా స్కాన్ చేయించి చూచితిమి. అరటిగెల చాటున 'విజయచిత్ర' శీర్షికలోని చివరి రెండక్షరములు కలవు. అనగా 1966కు ముందుది కానేరదు. పత్రిక పుట్టిన సంవత్సరమునే ఛాయాచిత్రము తీసిన సంవత్సరముగా మేము వ్రాసితిమి. పుట్టినతేదీ తెలిసినంతమాత్రమున పెండ్లితేదీ తెలియునా? అంతకంటె పెద్ద తప్పు మరియొకటి బయటపడెను. మేము తెలుగని చాటిన చందమామ తలకట్లు అడ్డముగా సాగియున్నవి. అది కన్నడ చందమామ.

మాకు కలిగిన ఖేదము దాచనేల? ఆ పటమును బయటికి తీయకుండుటయే మేలని కూడ తలచితిమి. అయినను అవ్వకు నిజము చెప్పవలెనని ఆమె యింటికి పోతిమి. ఆమె మా మాట విని ఏమాత్రము వగవలేదు. "దానెనకాల ఇంగోటుంది చూడప్పా. అంగడాయన రెండూ తగిలిస్తా ఉండె. కన్నడంది బడికి పొయ్యే పిల్లోండ్లకు, తెలుగుది మాకు" అనెను. చూడగా నిజమే. కన్నడ సంచిక వెనుక అదే బొమ్మగల మరియొక సంచిక అంచు వ్రేలెడంత కానవచ్చుచున్నది. దానిమీద ఒకే యక్షరము, చివరి 'మ'. దాని తలకట్టు పైకి లేచియున్నది.

అప్పుడు మాకు మా యింటి సంగతియే జ్ఞప్తికి వచ్చెను. మా బాల్యమున ఎదురింటివారు కన్నడ చందమామ కొనెడివారు, మా తల్లిగారు తెలుగుది కొనెడివారు. నెల చివర రెండిండ్లవారును మార్చుకొనెడివారము. బొమ్మలు అవే, కథలు అవే. బడిలో నేర్చిన కన్నడ అక్షరమును ప్రక్కన పెట్టుకొని, అదే బొమ్మ క్రిందనున్న తెలుగు మాటను పోల్చి పోల్చి మేము తెలుగు చదువ నేర్చితిమి. మాకు తెలుగు ఓనమాలు దిద్దించిన పంతులు లేడు. కన్నడ చందమామయే మాకు తెలుగు పెద్దబాలశిక్ష. ఈ సంగతి ఇన్నేండ్లు మరచి, పురికొసమీద కన్నడ సంచిక కానవచ్చినందుకు వగచితిమి!

కావున చదువరులకు మా మనవి. ఛాయాచిత్రములోనిది చూడుడు, మనము కోరినది చూడకుడు. పత్రికకంటె ముందుగా పటములోని మనుష్యులను, వారు లేనిచో వారి తోడివారిని అడుగుడు. భూతద్దమునకు అందనిది ఒక అవ్వ జ్ఞాపకమునకు అందును. ప్రెస్ అకాడమీ మొదలగువారి కృషివలన పాత సంచికలెన్నియో కంప్యూటరుపై లభించుచున్నవి. ముఖచిత్రము పూర్తిగా కానవచ్చినచో వానితో పోల్చి నెలను కూడ నిశ్చయింపవచ్చును. తెలియనిచోట తెలియదని వ్రాయుటకు సిగ్గుపడవలదు. మీ యింటి ఛాయాచిత్రముల వెనుక, సిరాతో గాక మెత్తని పెన్సిలుతో, ఊరు, సంవత్సరము, మనుష్యుల పేర్లు నేడే వ్రాసియుంచుడు. చెప్పగల అవ్వలు ఏటికేడు తగ్గిపోవుచున్నారు.

ఆనాడు చందమామ వారు రెండు ఫోటోలు అచ్చువేసి, వానికి తగిన వ్యాఖ్యలు వ్రాసి పంపుడని పోటీ పెట్టెడివారు. మేమును కార్డులు పంపితిమి. బహుమతి ఎన్నడును రాలేదు. నేడు చందమామ లేదు. బాగేపల్లి పటము క్రింద మాత్రము పాత వ్యాఖ్యను కొట్టివేసి క్రొత్తది వ్రాసితిమి: 'బాగేపల్లి, సుమారు 1968. ముందు కన్నడ చందమామ, వెనుక తెలుగు చందమామ.' అవ్వ చదివించుకొని విని, సరియేనని తల యూపినది. మాకు ఆ బహుమతి చాలును.