ఇంటికీ ఆశ్రమానికీ నడుమ: చిల్కానగర్ పరిసరాల్లో వృద్ధనివాసాలు

చిల్కానగర్ ఎదుగుదలను ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల నుంచి వేరుచేసి చూడలేం. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1977లో సి.సి.ఎం.బి. ఈ తూర్పు హైదరాబాదు ప్రాంతానికి చేరువలోనే ఏర్పడ్డాయి. నెలజీతంతో ఇక్కడ సొంతిల్లు కట్టుకొన్న తరం ఉద్యోగ విరమణ పొందేనాటికి పిల్లలు పలువురు పడమటి నగరానికో విదేశాలకో తరలిపోయారు. కుటుంబాలు స్వయంగా నడిపే వృద్ధనివాసాల అవసరం ఈ సందర్భంలోనే పెరిగింది.

‘వానప్రస్థం’ గృహస్థుడు తానై ఎంచుకొన్న దశ. ‘వృద్ధాశ్రమం’ అనే సమాసంలో పాత ‘ఆశ్రమ’ శబ్దం నిలిచినా, వాడుకలో అర్థం నిరాశ్రయత వైపు జారింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సైతం సంతానం బాధ్యతను నిర్దేశించి, జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమాలను ప్రతిపాదించింది. పింఛనుతో రుసుము చెల్లించి ఒక కుటుంబం నీడన బతికే వృద్ధులు ఈ రెండు కోవల్లోనూ ఇమడరు. విశ్రాంత నివాసాలపై 2019లో కేంద్రం వెలువరించిన నమూనా మార్గదర్శకాలు రాష్ట్రాలకు సూచనలు మాత్రమే.

నిర్వాహకులను ‘అమ్మా’, ‘బాబూ’ అని పిలిచే చనువు ఇటువంటి నివాసాలకు బలం. అయితే బంధువాచకం ఆదరణను తెలుపుతుందే తప్ప హక్కును స్థాపించదు. నడిపే కుటుంబంలో తరం మారినప్పుడు నివాసి స్థానం ఏమిటన్నది రాతపూర్వక ఒప్పందంలో ఉండాలి.