చరిత్రకు అర్థం చెప్పేదెవరు?

(స్త్రీల కార్యక్రమంలో రేడియో ప్రసంగం)

పాత పెట్టెలో మీ అత్తగారి నాటి పద్దుల పుస్తకం ఒకటి దొరికిందనుకోండి. ఒక నెలలో బియ్యానికి రెండింతలు ఖర్చు రాసి ఉంది. అంకెలో సందేహం లేదు. కానీ ఆ నెల ఇంట్లో పెళ్ళి జరిగిందా, చుట్టాలు దిగారా, ధరే పెరిగిందా? అది అంకె చెప్పదు. చదివేవాళ్ళే నలుగురినీ విచారించి తేల్చుకోవాలి. చరిత్రకారులు చేసే పనీ అదేనండీ. జరిగిందేమిటో తెలుసుకోవడం ఒక ఎత్తు, దానికి అర్థం చెప్పడం మరో ఎత్తు. ఈ రెండో పనినే వ్యాఖ్యానం అంటారు.

మన కోదాడ, సూర్యాపేట సంగతే చూద్దాం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలో ప్రవేశించింది. బెజవాడ వైపునుంచి వచ్చిన సేన మొదటిరోజే కోదాడ చేరింది, ఆ తర్వాత సూర్యాపేటను పట్టుకుంది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. ఈ తేదీల దగ్గర ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పేరు దగ్గరే. రజాకార్ల పీడ వదిలిందనేవారికి అది విమోచన. హైదరాబాదు దేశంలో కలిసిందనేవారికి విలీనం. భూమికోసం పోరాడుతున్న రైతుల మీదికి అదే సైన్యం మళ్ళిందనేవారికి విద్రోహం. ఆ రోజుల్లో ఇంటి మగవాళ్ళను పోగొట్టుకున్న ముస్లిం కుటుంబాలకు ఈ మూడింటిలో ఏ పేరూ సరిపోదు. 2022లో అదే రోజును కేంద్రం విమోచన దినంగానూ, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినంగానూ జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవమంది.

అయితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకోవడమేనా చరిత్ర? కాదు. విమోచన అనేవారు, రైతు పోరాటం 1951 అక్టోబరుదాకా ఎందుకు సాగిందో చెప్పాలి. విద్రోహం అనేవారు, రజాకార్ల పేరు చెబితేనే ఊళ్ళు ఎందుకు వణికాయో చెప్పాలి. తనకు ఇబ్బందిగా ఉన్న నిజాన్ని కూడా దాచకుండా లెక్కలోకి తీసుకునేదే మంచి వ్యాఖ్యానం.

ఇంకొక సంగతి. ఎవరిని అడిగాం అన్నదాన్నిబట్టి కూడా చరిత్ర మారుతుంది. ఆ పోరాటంపై పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో, రావి నారాయణరెడ్డిగారు 1973లో పుస్తకాలు వెలువరించారు. అవి నాయకులు చూసిన చరిత్రలు. 1986లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన మహిళలు, పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలనే సేకరించి "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. వాళ్ళకు కావలసింది కొత్త తేదీలు కాదు, ఆడవాళ్ళ అనుభవం. అజ్ఞాతవాసంలో బిడ్డ పుడితే ఏం చేశారు? పోరాటం ఆగాక మీ బతుకేమయింది? తుపాకి పట్టినవారిని కూడా తర్వాత ఇంటికిపోయి సంసారం చూసుకోమన్నారన్న బాధ అందులో వినిపిస్తుంది.

సూర్యాపేట ప్రాంతపు కరివిరాల కొత్తగూడెం ఆడపడుచు మల్లు స్వరాజ్యంగారు అందులో మాట్లాడినవారే. ఆమె దళాల్లో పనిచేశారు, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. ఆమె అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డిగారు 1971లో మిర్యాలగూడ నుంచి పార్లమెంటుకు వెళ్ళారు. వీళ్ళ పేర్లు మిగిలాయి. కానీ అర్ధరాత్రి తలుపు తట్టిన దళానికి జొన్న గటక వండిపెట్టిన ఇల్లాలో? పట్టుబడితే దెబ్బలు ఆమెకే. అయినా రాసేవాళ్ళు దానికి "సాయం" అని పేరు పెట్టి ఊరుకున్నారు. అది పోరాటం ఎందుకు కాదు? ఆమె వండిన మాట మారదు. మనం దానికిచ్చే విలువే మారాలి.

ఆనాటి సంగతులు తెలిసిన పెద్దావిడ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే ఈ వారమే అడగండి. చెప్పింది చెప్పినట్టు, తేదీ వేసి రాసుకోండి. మీకు తోచిన అర్థం పక్క పేజీలో రాయండి. ఆ రెంటినీ మాత్రం కలిపేయకండి. రేపు మీ మనవరాలు ఆ పుస్తకం తెరిచి, తన అర్థం తాను చెప్పుకోవాలి కదా.