వాకిలి బండల అంచు: ఉలి కాలం, రంపం కాలం

ఇంటి ముంగిలి చరిత్ర చెప్పమంటే చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. పూర్వం పేడతో అలికిన మట్టి వాకిలి, తర్వాత సిమెంటు గచ్చు. ఈ రెంటి మధ్య దాదాపు నూరేళ్ళు సాగిన బండపరుపు ఆ లెక్కలోకి రాదు. ఒకవేళ వచ్చినా బండ గురించే మాటలు, అంచు ఊసే ఉండదు. పరిచిన నేల పాడవడం మొదలయ్యేదేమో అంచు దగ్గరే.

పాత సంగతులు అందరికీ తెలిసినవే. మొహంజొదారో స్నానవాటిక అడుగున ఇటుకలను పలకగా పడుకోబెట్టక, అంచు మీద నిలబెట్టి పేర్చారు. ఇక్ష్వాకుల నాగార్జునకొండలో పల్నాటి సున్నపురాతి పలకలు నేలకు పరిచారు. విజయనగర కాలపు గుడి ప్రాకారాల్లో బండపరుపు మామూలు. ఇవన్నీ గుళ్ళు, విహారాలు, రాజుల సొమ్ముతో కట్టినవి. సంసారి వాకిలికి వీటి నుంచి నేరుగా దారి గీయడం నాకు తొందరపాటుగానే కనిపిస్తుంది.

సంసారి ఇంటికి నాపరాయిని చేర్చింది రైలు. అంతకుముందు గని చుట్టుపక్కల ఊళ్ళకే ఆ భోగం. దూరమైతే రాయి ఖరీదు కన్నా బండి కిరాయే ఎక్కువ. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చినది రాయచూరులో కలిశాయి. ఎర్రగుంట్ల, తాడిపత్రి ఒకవైపు, షాబాదు మరోవైపు ఆ దారి మీదే ఉన్నాయి. 1874లో వాడి-సికిందరాబాదు మార్గం తాండూరు మీదుగా పడింది. నడుమ 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద తన గ్రంథం వెలువరించాడు. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరే అక్కడి సున్నపురాతి పొరకు స్థిరపడింది.

ఆ రాతి స్వభావంలోనే అంచు చరిత్ర ఉంది. నాపరాయి పొరల వెంట చీలితే పలకలా నున్నగా వస్తుంది, అడ్డంగా కొడితే పెళ్ళలుగా విరుగుతుంది. కాబట్టి బండ పైముఖానికి పెద్దగా పని అక్కర్లేదు. ఖర్చంతా నాలుగు పక్కలనూ ఉలితో తీర్చడంలోనే. పాత మేస్త్రీలు ఈ ఖర్చు తప్పించుకున్న తీరు చూడండి: వాకిలి చుట్టూ సన్నని కాలవ తవ్వి, బండలను నిలువుగా దించి, సగానికి పైగా భూమిలో పూడ్చి, మొరంతో దిమ్మిస కొట్టేవారు. పైకి కనిపించే అంచు ఒక్కటే చెక్కితే చాలు. లోపలి బండల మొరటు పక్కలు దాని వెనక దాక్కునేవి, కింద పరిచిన ఇసుక వానకు కొట్టుకుపోయేది కాదు. వాటం ఉన్న వైపు మాత్రం అంచురాయిని కాస్త దించి నీటికి దారి వదిలేవారు.

ఈ పనితనం పబ్లిక్ వర్క్స్ ఇంజనీర్లు బంగళాల దగ్గర నేర్పిందేనని ఒక వాదం ఉంది. పూర్తిగా కొట్టిపారేయను. స్టేషన్ ప్లాట్‌ఫారాల అంచు చూసి నేర్చుకున్న మేస్త్రీలు ఉండే ఉంటారు. అయితే రాయి దొరకని గోదావరి డెల్టాలో, 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత కలిగినవారు కట్టుకున్న లోగిళ్ళలో, ఇదే పనిని నిలువు ఇటుక చేసింది. సరుకు మారినా ఉపాయం మారలేదు. రైలు రాయిని మోసుకొచ్చింది సరే, ఉపాయాన్ని కూడా అదే మోసుకొచ్చిందనడానికి ఇది అడ్డు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ద్వారబంధం మీద చెక్కిన సంవత్సరాన్ని వాకిలికి అంటగట్టకూడదు. బండలు ఊడదీసి మళ్ళీ పరుస్తారు, పక్కింటివి కొని తెస్తారు. అందుకే ఏ ఒక్క ఇంటినీ సాక్ష్యంగా నిలబెట్టడం లేదు.

మరి ఈ అంచు ఎందుకు పోయింది? సిమెంటు వచ్చి అంటారు. సిమెంటు అంతకుముందే ఉంది, దొరకలేదంతే. 1982లో కొంత, 1989లో పూర్తిగా నియంత్రణ ఎత్తేసేదాకా అది పర్మిట్ సరుకు. గోడకూ కప్పుకూ పోను వాకిలికి మిగిలేది కాదు. నా అనుమానం రంపం మీద. బేతంచెర్ల, తాడిపత్రి, తాండూరుల్లో కోత మిషన్లు పెరిగాక, నాలుగు పక్కలూ గీత గీసినట్టున్న బండ లారీ దిగింది. దాచవలసిన మొరటు పక్క లేనప్పుడు నిలువురాయికి ఎవరు కూలి ఇస్తారు? సిమెంటు ధారాళమైందీ దాదాపు అప్పుడే. కాబట్టి ఎవరి వాటా ఎంతో విడదీయలేం. అయినా మొదటి నేరం రంపానిదేనని నా పట్టు.

అందం కోసమే అంచు అనుకున్నవాళ్ళు దాని రెండో పనిని మర్చిపోయారు. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. అంచు పట్టి ఉంచిన ఇసుక మీది బండ కుంగితే ఎత్తి సరిచేయొచ్చు. సిమెంటులో బిగించినది పగలాల్సిందే, ఆ పగులు కూడా అంచు నుంచే పాకుతుంది.

ఇప్పటి పేవర్ బ్లాకులు మళ్ళీ ఇసుక మీదే కూర్చుంటాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటుకలు కరువైన నెదర్లాండ్స్‌లో వాడుకలోకి వచ్చిన సరుకు ఇది. చుట్టూ గట్టి అంచు లేకపోతే బండి చక్రం కింద బ్లాకులు పక్కకు జరుగుతాయని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. మన ఇళ్ళ దగ్గర జరిగేది వేరు. ముందు బ్లాకులు పరిచి, చివర మిగిలిన సందులో సిమెంటు పట్టీ పూస్తారు. దానికి పునాది ఉండదు. రెండు వానాకాలాలు నిలిస్తే గొప్పే. కొందరు ఆ పట్టీ కూడా అనవసరమని ప్రహరీ దాకా పరిచేస్తారు. గోడే అంచయింది కనుక బ్లాకులు కదలవు, నిజమే. నీరు మాత్రం గోడ పునాదిలోకి పోతుంది, లేదా గేటు దాటి రోడ్డెక్కుతుంది. 2002 నాటి వాల్టా చట్టం కోసం తవ్విన ఇంకుడు గుంత ఆ బ్లాకుల కిందే ఎక్కడో ఉంటుంది, నీరు చేరే వాటం లేకుండా.

పాత పద్ధతినంతా నెత్తిన పెట్టుకోమనడం లేదు. బండల సందుల్లో తేళ్ళు చేరేవి, వేపవేరు బండల్ని లేపేది, నిలువురాళ్ళు దించడానికి పట్టే కూలి ఇవాళ అందరూ భరించలేరు. ముందు అంచు కట్టి, తర్వాత లోపల పరచడమనే వరుసకు మాత్రం అదనపు ఖర్చేమీ లేదు. ఆ వరుస ఎందుకు తిరగబడిందంటే, బ్లాకులు అమ్మే మనిషికి చదరపు అడుగు లెక్కన డబ్బు వస్తుంది, అంచును అడుగుల్లో కొలిచి ఇచ్చేవారు లేరు.