కార్బురేటరు, టైమింగు: వెనుకటి కథ

మా మామూ వద్ద ఒక అంబాసిడర్ టాక్సీ ఉండేది. ఎండాకాలం సెలవుల్లో ఆయన వెంట మెకానిక్ షెడ్డుకు పోయేవాణ్ణి. ఇంజను ఆడుతుండగా ఉస్తాద్ చెవి వంచి విని, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి తిప్పి, "ఇప్పుడు చూడు" అనేవాడు. ఆ వెంట్రుకవాసి వెనుక ఎంత చరిత్ర గలదో చాలా ఏళ్ల తరువాత గాని నాకు తెలియలేదు.

పెట్రోలు ద్రవంగా మండదు. ఆవిరై గాలితో కలవాలి. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్లు గాలి. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ బండిలో, పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి ఆ ఆవిరినే ఇంజనుకు పంపేవారు. 1893లో జర్మనీలో మైబాహ్, హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు, సన్న రంధ్రం గుండా పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బురేటరును తెచ్చారు. ఉస్తాద్ చూపించే 'జెట్టు' దాని సంతానమే.

నిప్పు సంగతి ఇంకా కష్టం. తొలి డైమ్లర్ ఇంజన్లలో ఎర్రగా కాలిన గొట్టమే నిప్పు. దాన్ని ముందుకు వెనక్కు జరిపే వీలెక్కడిది? మంట వ్యాపించడానికి సెకనులో కొన్ని వేలవ వంతులు పడుతుంది, కనుక పిస్టను పైకి చేరక ముందే రవ్వ పడాలి. వేగం పెరిగే కొద్దీ ఇంకా ముందు. 1908 నుండి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టిలో ఈ పని డ్రైవరే చేత్తో చేసేవాడు, స్టీరింగు కింద ఎడమ వైపు లీవరుతో. హ్యాండిలు తిప్పేటప్పుడు ఆ లీవరును వెనక్కి పెట్టడం మరిచాడో, ఇంజను ఎదురు తన్ని మణికట్టు విరిచేది!

1910లో అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు బ్యాటరీ, కాయిలు, పాయింట్ల పద్ధతిని కాడిలాక్ కారుకు అమర్చాడు. మన అంబాసిడర్‌లో ఉన్నదీ అదే పద్ధతి. పాయింట్ల మధ్య 15 'థౌ' సందు, 1-3-4-2 వరుసలో రవ్వ. ముందుకు జరిపే పనిని డిస్ట్రిబ్యూటరులోని బరువులు, వాక్యూమ్ చూసుకుంటాయి.

అయితే టైమింగు మరీ ముందుకు పెడితే ఎత్తు రోడ్డు మీద ఇంజను టకటక కొడుతుంది. ఆ నాకింగుకు మందు దొరికింది కూడా కెటరింగ్ ప్రయోగశాలలోనే. 1921లో మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు మందు కలిపి చూశాడు. 1924లో న్యూజెర్సీలో ఆ మందు తయారు చేసే చోట కార్మికులు మతి చెడి చనిపోయారు. అయినా అమ్మకం శాశ్వతంగా ఆగలేదు. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరి 1న మాత్రమే.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి కార్లలో ఆ పనులన్నీ కంప్యూటరు చేస్తుంది. కాని నాకు గుర్తొచ్చేది షెడ్డులోని చిన్న కుర్రాళ్లు. నా ఈడు వాళ్లే. పైపు నోట పెట్టి పెట్రోలు పీల్చేవారు, జెట్టులో నలుసు పడితే నోటితోనే ఊదేవారు. అది సీసం పెట్రోలు అని మాకెవరూ చెప్పలేదు. ఉస్తాద్‌కీ తెలియదు. నేనూ రెండు మూడు సార్లు ఊదాను. "షాబాష్" అని భుజం తట్టాడు.