తెర మీది మాస్టారు: సూరత్ తెలుగు బడి చెప్పే పాఠం

'విద్యలో సాంకేతికత' అనగానే మనం పథకాల పేర్లు, సంవత్సరాలు వరుసగా రాసేస్తాం. అసలు ప్రశ్న వేరు. పరికరం బడికి చేరింది సరే, విద్యార్థి దాన్ని స్వీకరించాడా?

చారిత్రక నేపథ్యం

1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 'ప్లేటో' మొదలైంది. విద్యార్థిని ప్రశ్న అడిగి, జవాబును సరిచూసే కంప్యూటర్ వ్యవస్థ అది. నేటి వర్చువల్ ట్యూటర్లకు పూర్వరూపం ఇదే. మన దేశంలో 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది సాగిన 'సైట్' ప్రయోగం, ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలు వాటిని తెలుగులోనే చూశాయి. అయితే పిల్లవాడు తిరిగి ప్రశ్న అడిగే వీలు లేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎడ్యుశాట్ రెండువైపులా సంభాషణకు దారి తెరిచింది. 2017లో వచ్చిన 'దీక్ష' పాఠాన్ని ఫోన్‌లోకి తెచ్చింది.

స్వీకరణకు రెండు షరతులు

ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన సాంకేతికత స్వీకరణ నమూనా ప్రకారం, వాడేవారు చూసేవి ముఖ్యంగా రెండు: ఇది నాకు ఉపయోగపడుతుందా? వాడటం సులువేనా?

ఈ కొలతతో సూరత్‌ను చూడండి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద బతుకుతున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. గుజరాతీలో తయారైన డిజిటల్ పాఠం రాష్ట్ర సిలబస్‌కు సరిపోతుంది, కానీ భాష కష్టం. తెలుగు రాష్ట్రాల పాఠం చక్కగా అర్థమవుతుంది, కానీ అది వేరే పుస్తకానికి రాసినది. ఒకదానిలో ఉపయోగం ఉంది, మరొకదానిలో సౌలభ్యం ఉంది. రెండూ ఒకేచోట దొరకవు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితోపాటు షిఫ్టుకు వెళితే ఆ రెండూ లేనట్టే.

జవాబులో ఎలా వాడాలి?

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో 7వ సవరణ ద్వారా చేరిన ఈ అధికరణాన్ని నేటి డిజిటల్ పాఠానికీ అన్వయించి రాయండి. ఎన్ని ట్యాబ్‌లు పంచారన్నది ఒక లెక్క మాత్రమే. తెర మీది మాస్టారు పిల్లవాడి భాషలో, పిల్లవాడి పుస్తకంలోని పాఠమే చెబుతున్నాడా అన్నది అసలు కొలమానం.