దరఖాస్తు: మన పెద్దల విద్య, మన పిల్లల అవసరం

సొసైటీ కార్యదర్శి గారు ఈ ఏడాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమన్నారు. రాజుల యుద్ధాలు, కోటల కొలతలు చాలామంది వ్రాశారు. నేను బడిపంతుల్ని. నా చేతిలో ఏటా నలిగేది దరఖాస్తు ఫారం. కాబట్టి ఆ కాగితం చరిత్రే వ్రాస్తాను. డిగ్రీ పూర్తి చేసి ఎం.ఏ., ఎం.ఎస్సీ. సీట్ల కోసం, విదేశాల చదువుల కోసం ఫారాలు నింపుతున్న మన పిల్లలూ, వాటి మీద సంతకాలు పెడుతున్న తల్లిదండ్రులూ దీన్ని ఓపికగా చదవాలని మనవి.

మాట ఎక్కడిది

దరఖాస్తు అనేది ఫారసీ మాట. కోరడం, విన్నవించుకోవడం అని దాని అర్థం. అర్జీ, దాఖలు, నకలు, దస్తావేజు, తారీఖు, హాజరు, రసీదు, వకాల్తా - ఇవన్నీ ఫారసీ, అరబ్బీ భాషల నుండి దర్బారుల ద్వారా, కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చి తెలుగు మాటలే అయిపోయినవి. ఇవాళ ఏ పల్లెటూరి రైతును అడిగినా అర్జీ అంటే ఏమిటో చెబుతాడు. మన తాతముత్తాతలలో ఎందరో మున్షీలు, ముహర్రిర్లు. కాగితం వ్రాయడమే వారి బ్రతుకు తెరువు. అటువంటి ఇళ్ళలో పుట్టిన పిల్లలు ఇవాళ ఫారం నింపడం రాక సీట్లు పోగొట్టుకుంటున్నారంటే ఆలోచించవలసిన విషయమే కదా!

మహమూద్ గవాన్ కథ

ఉత్తరాలు, విన్నపాలు, ఫర్మానాలు వ్రాసే విద్యను ఇన్షా అంటారు. మన దక్కనులో ఈ విద్యకు పెద్ద దిక్కు బహమనీ వజీరు మహమూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వచ్చి బీదరులో స్థిరపడి వజీరు పదవి దాకా ఎదిగినవాడు. 1472లో బీదరులో ఆయన కట్టించిన మదర్సా భవనం సగం కూలినా నేటికీ నిలిచి ఉన్నది. ఇన్షా విద్య మీద ఆయన 'మనాజిరుల్ ఇన్షా' అనే గ్రంథం వ్రాశాడు. ఆయన ఉత్తరాల సంపుటి పేరు 'రియాజుల్ ఇన్షా'. ఎవరికి ఏ సంబోధన వాడాలి, విషయం ఏ వరుసలో చెప్పాలి అనేది ఆ రోజులలో పండితులు కూర్చుని నేర్చుకునే శాస్త్రం.

అంతటివాడి ప్రాణం పోయింది ఎట్లాగో తెలుసా? ఒక ఖాళీ కాగితం వల్ల. ఫిరిష్తా చరిత్ర ప్రకారం, గవాన్ అంటే గిట్టని దర్బారీలు ఆయన ముద్రలు చూసుకునే మనిషిని మచ్చిక చేసుకుని, ఒక తెల్ల కాగితం మీద ఆయన మొహరు వేయించుకున్నారు. తరువాత దాని మీద ఒరిస్సా రాజును దండెత్తి రమ్మని పిలుస్తున్నట్లు ఉత్తరం వ్రాసి సుల్తాన్ మూడవ మహమ్మద్ షాకు చూపించారు. సుల్తాను అడిగితే, మొహరు నాదే గాని వ్రాత నాది కాదని గవాన్ జవాబిచ్చాడు. వినే ఓపిక సుల్తానుకు లేకపోయింది. 1481లో మన కొండపల్లి దగ్గర గవాన్‌కు మరణశిక్ష అమలైంది. నిజం తెలిసి సుల్తాను పశ్చాత్తాపపడ్డాడు గాని పోయిన తల తిరిగి వస్తుందా? ఆ తర్వాత కొద్ది సంవత్సరాలలోనే బహమనీ రాజ్యం ముక్కలైంది.

కాగితం వ్రాసే శాస్త్రం మీద గ్రంథం వ్రాసినవాడే ఖాళీ కాగితం మీది ముద్రకు బలి అయ్యాడు. మనం లేనిచోట మన తరఫున మాట్లాడేది కాగితమే. దాని మీద మన ముద్ర పడిందంటే అందులో ఉన్న ప్రతి అక్షరమూ మనదే అవుతుంది.

గోల్కొండ రెండు లిపులు

గోల్కొండ కుతుబ్‌షాహీలు ఈ విషయంలో ఒక మంచి పని చేశారు. వారి ఫర్మానాలు కొన్ని ఒకే కాగితం మీద ఫారసీలోనూ తెలుగులోనూ ఉన్నవి. కచేరీ భాష ఫారసీ. ప్రజలలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు. ఎవరి పేరున కాగితం పుట్టిందో ఆ మనిషి ఊరిలో దానిని చదివి చెప్పగలవారు ఉండాలి గదా! నేటి ఫారాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటున్నవి. సంతకం పెట్టే తండ్రికి ఉర్దూ వస్తుంది, తెలుగు వస్తుంది, ఇంగ్లీషు రాదు. చదివి చెప్పేవాడు లేడు. 'ఇక్కడ పెట్టండి సాబ్' అంటే పెట్టేస్తాడు.

ఉస్మానియా నుండి పారిస్ దాకా

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా జారీ చేయగా 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1919లో తరగతులు మొదలైనవి. సైన్సు, చట్టం, చరిత్ర అన్నీ ఉర్దూలోనే. అందుకు కావలసిన పుస్తకాలు దారుల్ తర్జుమా అనువదించి ఇచ్చింది. అయితే ఇంగ్లీషును కూడా తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచారు. సొంత భాషలో చదువు, బయటి లోకంతో మాట్లాడటానికి ఇంగ్లీషు - ఇదీ ఆ ఏర్పాటు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది.

ఆ ఉర్దూ మీడియం విశ్వవిద్యాలయంలో చదివినవారే హైదరాబాదులో 1908లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. ఉస్మానియాలో ఎం.ఏ., న్యాయశాస్త్రం పూర్తి చేసి, జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు, 1935లో పారిస్‌లోని సార్బాన్ నుండి మరొక డాక్టరేటు పొందారు. ఆయన పారిస్‌లో పరిశోధించినది ఇస్లాం తొలి కాలపు దౌత్యపత్రాలు, అంటే ఆనాటి ఒప్పందాలు, ఉత్తరాలు. ఉర్దూ మీడియం అని ఏ తలుపూ మూయబడలేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర లేదు. తాను చదవదలచినది ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు. నేటి విదేశీ దరఖాస్తులలో 'మీరు ఈ చదువు ఎందుకు కోరుతున్నారు' అని ఒక వ్యాసం అడుగుతారు. దానికి కావలసినది ఆ స్పష్టతే గాని పెద్ద పెద్ద మాటలు కావు.

డాక్టర్ అంబేద్కర్ గారి సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1913లో బరోడా సంస్థానం విద్యార్థి వేతనంతో ఆయన అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో పని చేస్తానని ఒప్పందం మీద సంతకం చేసి వెళ్ళారు. 1915లో ఎం.ఏ. పట్టా పొంది, 1916లో లండన్‌లో చేరారు. 1917లో వేతనం గడువు తీరి చదువు మధ్యలోనే తిరిగి రావలసి వచ్చింది. అయితే ఆయన ఊరికే ఓడ ఎక్కలేదు. నాలుగేళ్ళలోపు తిరిగి వచ్చి చదువు ముగించుకోవడానికి విశ్వవిద్యాలయం అనుమతి తీసుకుని మరీ వచ్చారు. 1920లో మళ్ళీ వెళ్ళి 1923లో డి.ఎస్సీ. పట్టా పొందారు. గడువు, అనుమతి అనే రెండు మాటల విలువ ఎంతో ఇక్కడ చూడండి.

నా కలం చేసిన తప్పు

ఇక నా సంగతి. చెప్పడానికి సిగ్గుగానే ఉన్నది, అయినా చెప్పాలి.

పన్నెండేళ్ళ క్రిందట నేను పదవ తరగతి పిల్లల వివరాలు పరీక్షల బోర్డుకు పంపే పని చూసేవాణ్ణి. వచ్చిన తండ్రులందరి చేతా ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, రాత్రి ఇంట్లో కూర్చుని నింపాను. పని తొందర. ఒక అమ్మాయి పేరు చివర 'సుల్తానా' ఉంది. బడి రిజిస్టరులో ఉర్దూలో స్పష్టంగా ఉంది. ఇంగ్లీషు గళ్ళలో పేరు పొడవైపోతోందని నేనే ఆ మాట వదిలేశాను. సర్టిఫికెట్ అట్లాగే వచ్చింది. డిగ్రీ కూడా అదే పేరుతో అయింది. కాని ఆధార్ కార్డులో, దాన్ని చూసి తహసీల్దారు ఇచ్చిన బి.సి.-ఇ సర్టిఫికెట్‌లో 'సుల్తానా' ఉంది.

ఆ అమ్మాయికి ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ సీటు ఖాయమనుకున్నాం. సర్టిఫికెట్లు చూసే రోజున, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు తెమ్మన్నారు. అడిగినవారి తప్పు ఏమీ లేదు. రుజువు తయారయ్యేలోపు గడువు దాటింది. సీటు పోయింది.

సాయంత్రం ఆ తండ్రి మా ఇంటికి వచ్చాడు. కోపంతో కాదు, పేరు ఎట్లా సరిచేయించాలో అడగడానికి. "మాస్టర్ సాబ్, మీరు బాధపడకండి. దాని నసీబు అంతే" అన్నాడు.

నసీబు కాదు భాయ్, నా కలం! ఆ మాట అప్పుడు నా నోట రాలేదు. ఇప్పుడు వ్రాస్తున్నాను.

బడి రిజిస్టరు నకలు తీసి, హెడ్మాస్టరు గారి ద్వారా బోర్డుకు పంపి పేరు సరిచేయించడానికి నెలలు పట్టింది. ఆ ఏడాది ఇంట్లో పెళ్ళి మాటలు మొదలైనవి. తండ్రి గట్టిగా నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. మరుసటి ఏడు మళ్ళీ పరీక్ష వ్రాసి చేరింది, చదువు పూర్తి చేసింది. కాని ఒక ఏడాది నా వల్ల పోయింది. ఆనాటి నుండి ఖాళీ ఫారం మీద నేను ఎవరి సంతకమూ తీసుకోలేదు.

గళ్ళు నింపే పద్ధతి

మన పేర్లతో ఒక చిక్కు ఉన్నది. ఉర్దూలో ముహమ్మద్ అని వ్రాయాలంటే మీమ్, హే, మీమ్, దాల్ - నాలుగే అక్షరాలు. ఇంగ్లీషుకు వచ్చేసరికి మొదట 'యు' పెట్టాలా 'ఓ' పెట్టాలా, మధ్యలో 'ఎం' ఒకటా రెండా, చివర 'ఇ' పెట్టాలా 'ఎ' పెట్టాలా? మూడు చోట్ల రెండేసి దారులు. మొత్తం ఎనిమిది స్పెల్లింగులు! పొట్టిగా 'ఎం.డి.' అని వ్రాస్తే తొమ్మిది. షేక్ అనే మాటకూ ఇదే గతి. కాబట్టి పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఏ అక్షరాలు ఉన్నవో అవే అన్నిచోట్లా ఉండాలి. అది తప్పయితే ముందే సరిచేయించండి. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఆ పని పెట్టుకుంటే గడువు భయం ఉండదు.

పుట్టిన తేదీ రెండవ చిక్కు. మా తాతగారి కాలంలో నిజాం రాజ్యపు కాగితాలలో ఫసలీ సంవత్సరం వ్రాసేవారు. అది ఆజూర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో, మొదలయ్యేది. 1340 ఫసలీ ఖుర్దాద్ నెల అంటే 1931 ఏప్రిల్ ప్రాంతం. అన్నింటికీ కళ్ళు మూసుకుని 590 కలిపినవారు 1930 అని వ్రాసుకుని ఒక ఏడాది పెద్దవారైపోయారు. ఇవాళ అటువంటి చిక్కే అమెరికా ఫారాలలో ఉన్నది. అక్కడ ముందు నెల, తరువాత తేదీ వ్రాస్తారు. జూలై 4న పుట్టినవాడు మన అలవాటు చొప్పున నింపితే ఏప్రిల్ 7న పుట్టినవాడవుతాడు.

మూడవది రిజర్వేషన్ గడి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం ఉన్నది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. దూదేకుల, నూర్‌బాషా వారు బి.సి.-బి కిందికి వస్తారు. సయ్యద్, పఠాన్, మొగల్ మొదలైనవారు బి.సి.-ఇ లోకి రారు. వారిలో ఆదాయం తక్కువైనవారికి 2019 రాజ్యాంగ సవరణతో వచ్చిన 10 శాతం కోటా ఉన్నది. ఏది మనదో తహసీల్దారు సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని గడి నింపాలి. పక్కవాడు పెట్టాడని మనమూ పెట్టకూడదు.

నాలుగవది, ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్ వాడి నంబరు ఇస్తే కబురు వాడికే వెళుతుంది. మార్కులు మెమోలో ఉన్నట్లే వేయండి. అడగనిదే మార్చి లెక్క కట్టవద్దు. సిఫారసు ఉత్తరం పెద్ద హోదావారి దగ్గర కాక, మీ చదువు ఎరిగిన లెక్చరరు దగ్గర తీసుకోండి, నెల ముందే అడగండి. చివరి తేదీ దాకా ఆగవద్దు. పంపే ముందు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సర్టిఫికెట్లతో సరిచూడండి. నకలు దాచండి. ఇది మున్షీల పాత పద్ధతే.

మనవి

ప్రవేశాల కాలంలో ప్రతి ఆదివారం మన సొసైటీ ఆఫీసులో ఒక బల్ల వేసి, ఇంగ్లీషు చదవగల ఇద్దరు కూర్చుంటే చాలు. ఫారంలో ఏమున్నదో తల్లికీ తండ్రికీ ఉర్దూలోనో తెలుగులోనో చదివి వినిపించాలి. ఆ తరువాతే సంతకం. మొదటి ఆదివారం నుండే ఒక కుర్చీలో నేను కూర్చుంటాను. రెండవ కుర్చీ ఖాళీగా ఉంది.